నీళ్లొచ్చాయన్న మాట ఎవరిది

మార్చి 31, సోమవారం

శాలువా మూర్తికి కప్పారు.

ముందు ఆ మాటే రాయమన్నాను నా బిడ్డ కళను. ఎర్ర శాలువా, జరీ అంచు. నిన్న ఉగాది పచ్చడి గ్లాసులు పంచి, మైకు పట్టుకుని, "మన కాలనీకి నీటి సమాచార సేవ అందిస్తున్న కార్యదర్శి గారికి" అని కప్పారు. నేను మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. పక్కన, నిరుడు గడ్డ మీది ఇంట్లోకి వచ్చిన విమల చప్పట్లు కొడుతోంది. నన్ను మోచేత్తో పొడిచింది.

"కొట్టు పెద్దమ్మా. సారు లేకుంటే మన గతేంది?"

కొట్టలేదు.

ఇక నుంచి జరిగింది జరిగినట్టు రాయిస్తాను. నాకు అక్షరం రాదు, నోరు వచ్చు. కళ బడిలో తెలుగు చెబుతుంది. నేను "గిట్ల" అంటే తను "ఇలా" అని రాస్తుంది. రాయనీ. సంగతి మారకపోతే చాలు. రాజమణి చెప్పింది అని పైన రాయమన్నాను. రాసింది. చూపించింది. నా పేరు అంత చిన్నగా ఉంటుందని తెలియదు.

ఏప్రిల్ 1, మంగళవారం

నీళ్లు. పొద్దున ఆరు దాటాక.

మా ఇల్లు పల్లంలో. లైను మీద మొదటి నల్లా మాదే. నీళ్లు రాకముందు నల్లా గాలి కొడుతుంది — కుక్కర్ మూత సరిగా కూర్చోనప్పుడు వచ్చే చప్పుడు. అది వినపడగానే చేతిలో ఏమున్నా వదిలేస్తాను. ఫోన్‌లో మైకు బొమ్మ మీద వేలు. "నీళ్లొచ్చినయి. మొదటి బకెట్ మట్టి. పారబోసి పట్టుకోండి."

గడ్డ మీదికి ఎక్కడానికి ఇంకో పావుగంట. ఆ పావుగంటలో కాలనీ అంతా కదులుతుంది. డ్రమ్ములు కడుగుతారు, మోటార్లు వేస్తారు, ఆఫీసుల నుంచి ఇంటికి ఫోన్లు కొడతారు. నా నోటి మాట మీద.

రోజు విడిచి రోజు. ఏ వేళకో ఎవరికీ తెలియదు. వాల్వు తిప్పే లైన్‌మన్ యాదగిరికీ తెలియదు — ఎక్కడి నుంచో వదిలితే వచ్చి తిప్పి పోతాడు. నీళ్ల రోజు నేను గుడికి పోను. తలుపు వేసుకుని స్నానం చేయను. చెల్లెలి మనవరాలి పెళ్లికి పోలేదు. ఆరేళ్లు.

ఇన్ని ఇళ్లున్నాయి. "పెద్దమ్మా, ఇవాళ నీ వాకిట్లో నేను కూర్చుంటా, నువ్వు పో" అన్న మనిషి లేదు. ఒక్క ఇల్లు. ఒక్క రోజు. లేదు.

ఏప్రిల్ 2, బుధవారం

కళను కూర్చోబెట్టి కాలనీ వాట్సాప్ గ్రూపు అంతా చదివించాను.

మొదట్లో గ్రూపులో నా గొంతే పోయేది. అందరూ వినేవాళ్లు. రెండేళ్ల కింద మూర్తి వచ్చి ఇదే మంచం మీద కూర్చుని టీ తాగాడు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, కోస్తా మర్యాద, మాట వెన్నలా ఉంటుంది. "అమ్మగారూ, గ్రూపులో గుడ్ మార్నింగులూ పువ్వులూ ఎక్కువైపోయాయండీ. ఇకపై నేనొక్కణ్ణే పెడతాను. మీరు నాకు పంపండి, నేను అందరికీ చేరుస్తాను." సరే అన్నాను. చక్కెర కూడా ఎక్కువ వేశాను.

అప్పటి నుంచి నా గొంతు ఆయన ఫోన్ దాకానే. అక్కడి నుంచి అక్షరాలు. పాతవాళ్లు మరిచారు, కొత్తవాళ్లకు తెలియనే తెలియదు.

కళ చదివింది: "నీటి సమాచారం. సరఫరా ప్రారంభమైంది. మొదటి బకెట్ నీరు వాడవద్దు. — కార్యదర్శి."

మొదటి బకెట్ సంగతి కూడా తీసుకున్నాడు!

దాని కింద చేతులు జోడించిన బొమ్మలు. వరసగా. అక్షరం రాదు గానీ బొమ్మ తెలుస్తుంది. రెండేళ్ల దండాలు. వేలితో పైకి జరిపితే అయిపోవడం లేదు.

ఏప్రిల్ 3, గురువారం

నీళ్లు. మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నప్పుడు. పంపాను. అన్నం చల్లారింది.

నా మాట పోయిన నిమిషానికే ఎదురింట్లో మూర్తి మోటరు మొదలు. పల్లంలో ఉన్నవాడికి మోటరెందుకు? గడ్డ ఎక్కాల్సిన నీళ్లు ముందు ఆయన ట్యాంకులోకి. మాటా ముందు ఆయనకే, నీళ్లూ ముందు ఆయనకే.

ఏప్రిల్ 4, శుక్రవారం

అడిగాను. ఆయన గేటు దగ్గరే.

"సారూ, రేపటి సంది నా పేరు పెట్టు."

"పేరుదేముందండీ అమ్మగారూ. మనందరి సేవ కదా."

"మనందరిదైతే శాలువ ముక్కలు జేసి ఇంటికో ముక్క పంచు."

లోపల ఆయన భార్య నవ్వు ఆపుకోలేక దగ్గింది.

"అఫీషియల్‌గా ఉండాలి కదండీ... మనుషుల పేర్లు పెడితే బాగుండదు."

"కార్యదర్శి అంటే మనిషి గాదా?"

అటు తిరిగాడు. మొక్కలకు పైపుతో నీళ్లు పెట్టుకుంటున్నాడు. ఆ నీళ్లు ఎప్పుడొచ్చాయో చెప్పింది నేను.

ఏప్రిల్ 5, శనివారం

నీళ్లు. పొద్దున ఎనిమిదికి. పంపలేదు.

నల్లా సుయ్యిమంది, చెయ్యి ఫోన్ మీదికి పోయింది. చెయ్యి లాక్కుని దాని మీద కూర్చున్నాను. నిజంగానే, చెయ్యి కిందేసుకుని. నా డ్రమ్ము నింపుకున్నాను. గల్లీ అంతా పడుకున్నట్టు ఉంది.

ఫోన్. మూర్తి. "అమ్మగారూ, ఒంట్లో బాగుందా?"

"బాగుంది."

"మరి... నీళ్లేమైనా...?"

"కార్యదర్శివి నువ్వు. నీకు తెల్వదా?"

పెట్టేశాను. ఆయన తన నల్లా తిప్పి చూసుకునేసరికి ధార సన్నబడిపోయింది.

ఇప్పుడు రేగుతారు, ఇప్పుడు తెలుస్తుంది, "పెద్దమ్మ చెప్పలేదే" అనుకుంటారు — సాయంత్రం దాకా వాకిట్లో కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. గ్రూపు చదవమన్నాను. "అనివార్య కారణాల వల్ల నేటి సరఫరాలో అంతరాయం. — కార్యదర్శి." కింద మళ్లీ దండాలు.

చెప్పినా ఆయనే. చెప్పకపోయినా ఆయనే.

ఏప్రిల్ 7, సోమవారం

నీళ్లు. పొద్దున. పంపాను, ఏమీ జరగనట్టు. "చాలా థాంక్సండీ అమ్మగారూ" అని గొంతు పంపాడు. నాకు మాత్రమే వినపడేట్టు.

ఏప్రిల్ 8, మంగళవారం

రేపు ఒక పని చేస్తాను. ఏమిటో ఇక్కడ రాయించను. కళ అడుగుతోంది. అడగనీ.

ఏప్రిల్ 9, బుధవారం

నీళ్లు. మధ్యాహ్నం మూడింటికి.

పొద్దున గొడవైంది. విమల మోటరు కాలిపోయింది. ఇవాళ ఇంతే.

ఏప్రిల్ 10, గురువారం

చెబుతాను.

నిన్న పొద్దున ఏడింటికి నల్లా ఎండిపోయి ఉంది. చప్పుడు లేదు, చెమ్మ లేదు. ఫోన్ తీసి మైకు మీద వేలు పెట్టి "నీళ్లొచ్చినయి, మొదటి బకెట్ మట్టి" అన్నాను. ఎప్పటి గొంతుతోనే. రాని నీళ్లు.

ఎందుకంటే — అది ఆయన అందరికీ పెడతాడు. జనం మోసపోయి ఆయన గేటు ముందుకొస్తారు. ఎవరు చెప్పారు సారూ అని నిలదీస్తారు. అప్పుడు నేను లేచి, చెప్పింది నేను, ఆరేళ్లుగా చెబుతున్నదీ నేనే, ఈయనది ఒక్క మాటా లేదు, అంటాను. ఇదీ నేను వేసుకున్న లెక్క. ఇందులో మోటార్లు లేవు. వట్టి పైపు మీద మోటరు తిరిగితే ఏమవుతుందో నాకు తెలుసు, ఈ గల్లీలో ఎవరికి తెలియదు? అయినా గుర్తు రాలేదు. నాకు గేటు ముందు జనమే కనపడుతున్నారు.

మిగతావాళ్లు నల్లా తిప్పి చూసి, గాలి కూడా లేదని తిట్టుకుని మూసేశారు. విమల మోటరు వేసి గ్రైండర్ దగ్గర కూర్చుంది. ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకునే ఇల్లు. గ్రైండర్ చప్పుడులో ఏ చప్పుడు వినపడుతుంది? వాసన వచ్చాక లేచింది.

జనం వచ్చారు, నేననుకున్నట్టే. ఆయన గేటు ముందుకే. విమల కొప్పు ఊడిపోయి, చేతుల నిండా పిండి. "ఎవడు జెప్పిండు సారూ నీళ్లొచ్చినయని? ఎవడు?"

నేను గడప దిగాను. నోట్లో మాట సిద్ధంగా ఉంది.

మూర్తి నా వైపు చూశాడు. ఒక్క క్షణం. కళ్లు తిప్పుకున్నాడు.

"లైన్‌మన్ యాదగిరి ఫోన్ చేశాడండీ. అతనిచ్చిన సమాచారమే నేను పెడతాను. నాకేం తెలుస్తుంది?"

నా పేరు చెబుతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది, ఆరేళ్ల సంగతి బయటపడేది. నన్ను తిట్టాలంటే ముందు నేనున్నానని ఒప్పుకోవాలి కదా. తప్పు మోయడానికి కూడా నా పేరు పనికిరాలేదు.

మరి నువ్వెందుకు అనలేదు అంటోంది కళ. కలం కింద పెట్టేసింది. "అమ్మా, గిది నేను రాయ." రాయకుంటే జరగలేదా, అన్నాను. మళ్లీ తీసింది.

ఎందుకు అనలేదంటే — విమల చేతుల మీది పిండి ఎండి పగుళ్లు పడుతోంది. అది చూస్తూ నిలబడ్డాను. అంతలో అందరూ యాదగిరిని తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

ఏప్రిల్ 11, శుక్రవారం

నీళ్లు. పది గంటలకు. పంపాను. నిజమైనవి.

విమల రెండు బిందెలతో గడ్డ దిగి వచ్చింది. మోటరు లేకపోతే అక్కడికి చుక్క ఎక్కదు. "జెర పట్టుకోనీ పెద్దమ్మా, నీ నల్లాకు పుణ్యముంటది." పట్టుకోమన్నాను. మూడోసారి వచ్చినప్పుడు మెట్టు మీద కూలబడింది.

"వాడు తాగి జేసిండు. లేకుంటే నీళ్లు ఇడువకుండనే ఫోన్ జేస్తడా?"

"యాదగిరి తాగడే."

"నీకేం తెల్సు పెద్దమ్మా, నువ్వు ఇంట్ల ఉంటవ్."

బిందె నిండి పొర్లిపోతోంది. ఇద్దరం చూడలేదు.

అడిగి ఉండొచ్చు ఆమె. పల్లంలో ఉన్నదానివి, నీ నల్లాకు వచ్చినయా ఆ రోజు, అని. ఆ మాట ఎవరికీ తట్టలేదు. ఆరేళ్లుగా నీళ్లు ముందు ఎవరి ఇంటికొస్తాయో కూడా తెలుసుకోకుండా తాగుతున్నారు.

కోపం తగ్గలేదు. తగ్గిందని రాయొద్దన్నాను.

ఏప్రిల్ 12, శనివారం

ఇవాళ ఇద్దరు వచ్చారు.

ముందు యాదగిరి. సైకిల్ గోడకు ఆనించి, లోపలికి రాకుండా గడప బయటే కూర్చున్నాడు. వాల్వు తిప్పే ఇనుప కడ్డీ లేకుండా ఆ మనిషిని చూడడం ఇదే మొదటిసారి. పని మీదికి రావొద్దన్నాడట కాంట్రాక్టరు. కాలనీ వాళ్లు సంతకాలతో కాగితం పెడుతున్నారట. సోమవారం సెలవు, మంగళవారం నీళ్ల ఆఫీసులో విచారణ.

"నేను ఫోన్ జేసిన్నంట అమ్మా. నా ఫోన్ల సార్ నంబరే లేదు. సూడుండ్రి."

ఫోన్ కళకు ఇచ్చాడు. చూసి తిరిగి ఇచ్చింది. లేదు.

"మీ నల్లా మొదటిది గదా అమ్మా. ఆ పొద్దు మీకు గాలన్న కొట్టిందా? కొట్టలేదని ఒక్క మాట జెప్తరా?"

చూద్దాం లే, అన్నాను. చూద్దాం లే! కళ లేచి లోపలికి వెళ్లి గిన్నెలు చప్పుడు చేసింది.

సాయంత్రం మూర్తి. కాగితం, స్టాంపు ప్యాడూ రెండూ తెచ్చాడు. అందరూ పెట్టారు, మీదొక్కటే మిగిలింది, వేలిముద్ర వేయండి అమ్మగారూ.

"ఆ మాట పంపింది నేను గదా సారూ."

"తెలుసండీ." గొంతు తగ్గించాడు. "పెద్దవారు. పొరపాటు పడి ఉంటారు. మీ పేరు బయటికి రాకూడదనే కదా నేను..."

పొరపాటు అన్నాడు. అదీ ఇవ్వడు నాకు. కావాలనే పంపానని చెప్పాను. ముఖం తెల్లబడింది.

"సరేనండీ. ఇలా చేద్దాం. రేపటి నుంచి ప్రతి సమాచారం కింద మీ పేరు పెడతాను. పెద్ద అక్షరాల్లో. బుధవారం సంగతి మాత్రం ఇక మనం మాట్లాడుకోవద్దు. యాదగిరికేముందండీ, ఇంకో కాలనీలో వేస్తారు."

కాగితం అక్కడ పెట్టి పొమ్మన్నాను. వేలు వేయలేదు. వేయనని కూడా అనలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

నీళ్లు. పొద్దున ఏడున్నర. పంపాను.

గ్రూపులో వచ్చింది. కళ చదివింది. "నీటి సమాచారం. సరఫరా ప్రారంభమైంది. మొదటి బకెట్ నీరు పారబోయండి. సమాచారం అందించినవారు: శ్రీమతి రాజమణి గారు."

ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి.

దండాలు వచ్చాయి. ఒకటి, రెండు, ఆ తర్వాత గబగబా. ఎదురుచూసిన దాన్ని, సిగ్గు లేదు, చూశాను. విమల బిందెలతో దిగుతూ గేటు దగ్గర్నుంచే అరిచింది — "పెద్దమ్మా, నీ పేరొచ్చింది గ్రూప్ల! నువ్వా చెప్పేది? ఎప్పటిసంది?"

ఆరేళ్ల సంది, అన్నాను.

"అబ్బో! మరి చెప్పవైతివి?" అని బిందె నల్లా కింద పెట్టింది. ఆ తర్వాత ఏదో ఆలోచించింది. నీళ్లు నిండేదాకా తల ఎత్తలేదు. నిండాక ఎత్తి నా మొహంలోకి చూసింది. బిందె చంకనెత్తుకుని గడ్డ ఎక్కింది. రెండో బిందె ఇక్కడే వదిలేసింది, మళ్లీ రాలేదు.

సాయంత్రం దాకా ఆ ఖాళీ బిందె నా మెట్టు మీద.

ఏప్రిల్ 14, సోమవారం

బిందె నేనే పట్టుకుని గడ్డ ఎక్కాను. నింపి. సగం దూరంలో రొమ్ము పట్టేసింది, కూర్చుని మళ్లీ లేచాను. ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది, ఎదురు రాలేదు.

"బుధవారం చెప్పింది నేనే" అన్నాను.

"నిన్ననే సమజైంది."

"కావాల్నని చెప్పిన."

"ఎందుకు పెద్దమ్మా? నేనేం జేసిన నిన్ను?"

ఉగాది నాడు చప్పట్లు కొట్టావని అనబోయాను. నా చెవికే చిన్నగా వినపడింది. అనలేదు.

"గిది నాకు జెప్తె ఏమొస్తది?" అంది. "కాగితం మీద నేను సుత సంతకం పెట్టిన, యాదగిరి మీద. పోయి ఆఫీసుల చెప్పు." బిందె తీసుకుంది. తలుపు వేసింది. మరీ గట్టిగా కాదు.

ఏప్రిల్ 15, మంగళవారం

నీళ్లు ఇంకా రాలేదు. పొద్దున్నే లేపాను కళను. మూర్తి తెచ్చిన కాగితం అవతల పెట్టించి, తెల్ల కాగితం మీద రాయించాను. "బుధవారం పొద్దున నీళ్లు రాకుండానే వచ్చాయని చెప్పింది రాజమణి అను నేనే. లైన్‌మన్ యాదగిరికి ఈ సంగతితో సంబంధం లేదు. ఆరేళ్లుగా నీళ్ల మాట చెబుతున్నది నేనే." ఆఫీసు భాష కొంచెం వేసింది కళ. సంగతి మారలేదు.

వినిపించింది. బాగుంది. ఒకటి తక్కువ.

"మూర్తి పేరేది?"

"ఆయన పేరెందుకమ్మా?"

"చెప్పింది నేను. అందరికీ మోసింది ఆయన. యాదగిరి మీద పెట్టింది ఆయన. నా వంతు నేను రాయించిన, ఆయన వంతు ఎవరు రాస్తరు?"

"ఆయన పేరు పెడితే ఇది మీ ఇద్దరి కొట్లాట అయితది. ఆఫీసోళ్లు పక్కకు పడేస్తరు. నీ ఒక్కదాని పేరుంటే సాక్ష్యం అయితది. యాదగిరి బతుకుతడు."

"ఆయన మళ్లీ తప్పించుకుంటడు."

"తప్పించుకోనీ."

ఆ మాట నా బిడ్డ నోట వచ్చింది. తప్పించుకోనీ.

ఆమె చెప్పేది నిజమని తెలుసు నాకు. తెలిసినా చెయ్యి కదలడం లేదు. స్టాంపు ప్యాడ్ మూత తీసి ఉంది, మూర్తిదే, పోయినసారి వదిలి వెళ్లాడు. ఆయన పేరు రాస్తే గానీ వేలు వేయనన్నాను. రాయనంది. ఇంకోసారి చెప్పాను. ఇంకోసారి రాయనంది. మొండిది, నా కడుపునే పుట్టింది. ఈ పుస్తకంలో మాత్రం నేను చెప్పిందంతా రాస్తోంది, ఆ కాగితం మీద ఒక్క పేరు రాయదు.

విచారణ పదిన్నరకు. ఇప్పుడు తొమ్మిదిన్నర. యాదగిరి గడప బయట కూర్చుని ఉన్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని. మా ఇద్దరి మాటలూ వినపడుతూనే ఉన్నాయి అతనికి. ఒకసారి లేచి సైకిల్ స్టాండు తీశాడు, మళ్లీ వేశాడు.